విడిభాగాల భాగపరిష్కారం

మా జిల్లా రైఫిల్ క్లబ్బులో గురి తప్పినవాళ్ళు ఉన్నారు గానీ, తప్పు చేసినవాడు ఒక్కడూ లేడు. తప్పెప్పుడూ తుపాకిదే. గుండు కుడికి పోతే ట్రిగ్గరు బిరుసు. ఎడమకు పోతే బట్టు వంకర. అసలు కాగితానికే తగలకపోతే, ఆ మనిషి చేతిలో విడిభాగాలు మార్చేందుకు నాలుగు డబ్బులు ఆడుతున్నాయని అర్థం.

క్లబ్బు కార్యదర్శి ఓబుళేశుకు బజారులో బట్టల కొట్టు ఉంది. అతని పాయింట్ టూటూ రైఫిల్లో కొన్ననాటి ముక్క ఒక్కటీ మిగల్లేదు. భుజానికి ఆనించుకునే బట్టు ఒక దేశానిది, ట్రిగ్గరు ఇంకో దేశానిది, మరలు గాలికన్నా తేలికైన ఏదో లోహానివి. ఇన్ని మార్చినా గుండు మాత్రం పాత చోటికే పోతోంది. ఇక మార్చని భాగం ఒక్కటే. దాన్ని అతను రోజూ తన చెప్పుల్లో నిలబెట్టి తీసుకొస్తాడు.

నేను ఆ క్లబ్బులో చేరింది మా ఆవిడ పోయినాక. తుపాకి మీద ప్రేమతో కాదు. బోర్లా పడుకుని గురి చూస్తున్నవాణ్ణి ఎవరూ పలకరించరు. ఓదార్చరు. "ఎన్నాళ్ళని ఇట్లా ఒంటరిగా" అని మొదలుపెట్టరు. మా ఊళ్ళో అంత మర్యాద దొరికే చోటు ఇంకోటి లేదు. శనక్కాయల మిల్లు అమ్మేసి, రిటైరైన ఒక లెక్చరరు దగ్గర పాత రైఫిలు కొని, లైసెన్సు నా పేరు మీదికి మార్పించుకున్నాను.

క్రీడాకారుడి లైసెన్సుకు ఒక షరతుంది. గడువు లోపల రాష్ట్ర పోటీలో ఒక్కసారైనా పాల్గొనాలి. లేకపోతే రైఫిలు తీసుకుపోయి స్టేషనులో అప్పజెప్పాలి. ఆ ఏటితో నా గడువు తీరిపోతుంది.

చిక్కు మెడ దగ్గర వచ్చింది. లెక్చరరుకు మెడ లేదు. తలను తిన్నగా భుజాల మీద దించినట్టుండేవాడు. నాకు మెడ తప్ప చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. ఆయన కొలతకు చేసిన బట్టు మీద నా చెంప ఆనాలంటే మెడను కొక్కెంలా వంచాలి. ఒక పూట అలా పడుకుంటే తర్వాత రెండు రోజులు నేలచూపులే. ఎదురొచ్చినవాళ్ళు నేను ఇంకా దుఃఖంలోనే ఉన్నానని చెప్పుకునేవారు.

"అన్నా, నువ్వు మెడ వంచొద్దు. తుపాకినే పైకి లేపు," అన్నాడు ఓబుళేశు. "చెంప ఆనే దిమ్మ పైకీ కిందికీ జరిగే బట్టు ఒగటి తెప్పిచ్చుకో. అల్యూమినియంది."

"అంతేనా?"

"అంతే ఎట్లవుతాది? చెంప లేస్తే కన్ను లేస్తాది. కన్ను లేస్తే గురి చూసే ఎనక సైటు లేపాల. ఎనకది లేపితే ముందరిది లేపాల. దిమ్మ లేసినాక గుండు ఎక్కిచ్చే బోల్టు ఎనక్కి లాగితే దానికి తగులుతాది, ఇంకో రకం బోల్టు కావాల. ఇవన్నీ అయినాక పాత ట్రిగ్గరు చేతికి అందదు."

"అందితే?"

"అందినా అందలేదనే అనిపిస్తాదిలే అన్నా. నాకట్లే అనిపిచ్చింది."

"కొత్తది ఎట్లుండాలప్పా?"

"పీటల మీద పెండ్లికూతురు చెయ్యి పట్టుకున్నట్లుండాల. మెత్తగా. తెలిసీ తెలియకుండా."

నేను పీటల మీద పట్టుకున్న చేతికి గోళ్ళుండేవి. ఆ మాట అతనికి చెప్పలేదు.

నగరంలో విడిభాగాలు తెప్పించి అమ్మే మనిషికి ఫోన్ చేశాను. నా ఎత్తు అడిగాడు. బరువు అడిగాడు. ఊపిరి ఎంతసేపు బిగబట్టగలనని అడిగాడు. సంబంధాలు చూసే పేరయ్య కూడా ఇన్ని అడగడు. ఆఖరుకు బట్టు ఏ రంగు కావాలన్నాడు.

"రంగుతో గురికి పనేమి?"

"ఆత్మవిశ్వాసం సార్."

నల్లది పంపమన్నాను.

గొట్టం జోలికి మాత్రం పోలేదు. రైఫిలు నంబరు దాని మీదే ఉంటుంది. పైగా గొట్టంలో ఏ దోషమూ లేదు. దోషం లేనిదాన్ని కూడా మార్చేవాళ్ళు క్లబ్బులో చాలామంది ఉన్నారు, నేను తగ్గితే లోకానికి నష్టం లేదు.

భాగాలు వచ్చాయి. వాటి వెనకే కొత్త నిబంధన వచ్చింది. లైసెన్సు తుపాకిలో ఏ భాగం మార్చాలన్నా ముందుగా అనుమతి పొందాలి. కలెక్టరేటులో అర్జీ పెట్టాను.

నా అర్జీ పోయి పోయి పాలనాభాషా వారోత్సవంలో పడింది. ఆ వారం ఏ ఫైల్లో ఇంగ్లీషు మాట దొరికితే ఆ గుమాస్తా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆయుధాల సెక్షను గుమాస్తా నా అర్జీలో 'రైఫిల్ పార్ట్స్' అన్న మాటలు చూసి హడలిపోయాడు. రెండోదానికి తెలుగు దొరికింది. మొదటిదానికి దొరకలేదు, కొట్టేశాడు. ఫైలు అట్ట మీద ఇలా రాశాడు: "విషయము: శ్రీ కుళ్ళాయప్ప గారి విడిభాగముల మార్పు గురించి." భాగాలన్నాక, మార్పన్నాక, అది రెవెన్యూవారి పని. ఫైలు తహశీల్దారు ఆఫీసుకు పోయింది.

తహశీల్దారు పరాంకుశం గారు భాగపరిష్కారాల్లో దిట్ట. ఆయన గదిలోకి కలిసి వచ్చిన అన్నదమ్ములు కలిసి బయటికి పోయినట్టు దాఖలా లేదు. నన్ను విచారణకు పిలిచారు.

"సదరు ఉమ్మడి ఆస్తి ఎక్కడ?"

పెట్టె తెరిచి చూపించాను.

"ఇది తుపాకి."

"అవును సార్. తుపాకి విడిభాగాలు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నారు. తుపాకి అలాగే ఉంది. తన శాఖకు వచ్చిన ఫైలును తనది కాదని చెప్పడం ఆయన సర్వీసులో లేదు.

"తుపాకి అయితేనేమి, తోట అయితేనేమి. విడిపోవాలంటే భాగములుండాలి. భాగములుండాలంటే భాగస్తులుండాలి. భాగస్తులు ఎవరెవరు?"

ఎదురు చెబితే ఫైలు మళ్ళీ కలెక్టరేటుకు పోతుంది. పోటీ రెండు నెలల్లో ఉంది.

"గొట్టం, బోల్టు, ట్రిగ్గరు, బట్టు, సైట్లు సార్."

"కుటుంబ పెద్ద?"

"గొట్టం. ముప్పై ఏళ్ళుంటాయి."

"తక్కినవారు?"

"ఈ మధ్య వచ్చినవాళ్ళు."

"కోడండ్రా, దత్తతా?"

"కొరియరు సార్."

ఆయన టైపిస్టు వైపు తిరిగారు. "'ఇతర మార్గముల ద్వారా సంక్రమించినవారు' అని కొట్టవయ్యా." మళ్ళీ నా వైపు తిరిగారు. "అర్జీదారు జీవిత భాగస్వామి సమ్మతి ఏదీ?"

"ఆమె పోయింది సార్."

"ఎక్కడికి?"

"శ్మశానానికి."

"తిరిగి ఎప్పుడు హాజరవుతారు?"

"నేనే పోయి హాజరు కావాల సార్."

ఆయన ఫైలులో కాగితాలు వెనక్కీ ముందుకూ తిప్పారు. "ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"చూడు కుళ్ళాయప్పా. అరగని బట్టును మారుస్తున్నావు. పని చేసే ట్రిగ్గరును మారుస్తున్నావు. మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న భాగమును మాత్రం మార్చలేదు. ఈ వైరుధ్యమునకు కారణము?"

"ఆ రకం ఇప్పుడు తయారు చెయ్యడం లేదు సార్."

"'ప్రత్యామ్నాయము అలభ్యము' అని కొట్టవయ్యా," అన్నారు పరాంకుశం గారు.

భాగస్తులందరికీ నోటీసులు పుట్టాయి. వాటిని అందజెయ్యడానికీ, ఆస్తిని కొలవడానికీ సర్వేయరు మద్దిలేటి గొలుసు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. రైఫిలునూ కొత్త భాగాలనూ పెరట్లో మంచం మీద పెట్టమన్నాడు. ట్రిగ్గరుకు నోటీసు చాచాడు. ట్రిగ్గరు తీసుకోలేదు. "తీసుకొనుటకు నిరాకరించినందున గోడకు అతికించడమైనది" అని రాసి నా గోడకు అతికించాడు. గొట్టమూ నిరాకరించింది. బోల్టూ సైట్లూ పెద్దవాడి దారిలోనే నడిచాయి. బట్టు మీద పెట్టిన కాగితం మాత్రం జారిపోకుండా నిలిచింది. "స్వీకరించినది" అని రాసుకుని, "ఈయప్ప ఒగడు మంచోడన్నా," అన్నాడు.

సాయంత్రానికి వీధిలో నా ఇల్లు వేలానికొచ్చిందని పుకారు పుట్టింది. నాతో మూడేళ్ళుగా మాట్లాడని బావమరిది వచ్చి గోడలు తట్టి చూసిపోయాడు.

నోటీసుల పని కాగానే మద్దిలేటి హద్దులు రాయడం మొదలుపెట్టాడు.

"కుళ్ళాయన్నా, దచ్చిణం దిక్కు ఏముండాది?"

"నా భుజం."

"పడమర?"

"ఏమీ లేదు. గాలి."

"గాలని రాయకూడదు. పోరంబోకని రాస్తా." రాశాడు. తర్వాత గొట్టం మూతి దగ్గర కూర్చుని అది చూస్తున్న వైపు చూశాడు. "ఉత్తరం దిక్కు యాడిదాకా పోతాది?"

"గుండు పోయినంత దూరం."

మద్దిలేటి గొలుసు చుట్టేశాడు. "అంత గొలుసు మా ఆఫీసులో ల్యాదన్నా. పక్కింటోళ్ళ కాడ అభ్యంతరం ల్యాదని ఏలిముద్ర ఏయిచ్చుకుంటా."

ఉత్తరం పక్కింట్లో ఉండేది సుంకమ్మ. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన ముసలామె. మద్దిలేటి కేకకు ప్రహరీ మీంచి తొంగి చూసింది.

"తుపాకి నా ఇంటి దిక్కుకు పెట్టి అభ్యంతరముందా అని అడగతారేమిరా, మీ నోట్లో మన్నుబడ! ఏమిరా కుళ్ళాయా, పెండ్లాం పోతే మతి గూడా పోయిందా? ముందు దాన్ని అవతలికి తిప్పండి, ఆనక అడుగుదురు."

"తిప్పితే హద్దులు మారతాయవ్వా," అన్నాడు మద్దిలేటి.

"దాంట్లో గుండ్లుండాయా?"

"అది నా రికార్డులో రాదవ్వా."

సుంకమ్మ నా మొహం చూసింది. గొట్టం చూసింది. "యాడ ఎయ్యాల ఏలిముద్ర?"

హద్దు తగాదా ఇంత మర్యాదగా తేలడం తన సర్వీసులో చూడలేదన్నాడు మద్దిలేటి. అన్ని గ్రామాలకూ ఇదే పద్ధతి పెడితే బాగుంటుందని పైకి రాస్తానన్నాడు.

ఉత్తర్వు పోటీకి నాలుగు రోజుల ముందు వచ్చింది. అన్ని భాగాలూ మంజూరు. సంతోషంగా స్క్రూడ్రైవరు చేతికి తీసుకుని, చివరి పేరా కూడా చదివాను.

"ఇకమీదట భాగస్తులు ఎవరి భాగమును వారు విడివిడిగా అనుభవించుకొనవలెను. ఒకరి భాగములోనికి మరియొకరు ప్రవేశించరాదు. ప్రవేశించిన యెడల ఆక్రమణగా పరిగణించబడును."

బోల్టు గొట్టం వెనక దూరకపోతే రైఫిలు లేదు. ఒక ఇనుప కడ్డీ, ఒక నల్లని దిమ్మ, కొన్ని మరలు ఉన్నాయి. వాటిని సంచిలో వేసుకుని తహశీల్దారు ఆఫీసుకు పోయాను.

"సార్, వీటిని కలపాల."

పరాంకుశం గారు నొచ్చుకున్నారు. "ఇప్పుడే కదయ్యా విడగొట్టాను!"

"విడిగా ఉంటే పేలదు సార్."

"భాగపరిష్కారము యొక్క ఉద్దేశమే అది."

"పోటీకి పోకపోతే రైఫిలు స్టేషనులో పెట్టేయాల సార్."

"అది హోం శాఖ పరిధి. నా పరిధిలో శాంతి నెలకొన్నది. ఒకసారి విడిపోయిన వారిని కలపడానికి చట్టంలో దారి లేదు. ఉన్నా, నా సర్వీసులో ఎవరూ అడగలేదు."

నేను మా ఊరి బడి దాటి చదువుకోలేదు. మిల్లు నడిపిన కాలంలో ఆఫీసుల చుట్టూ తిరిగి ఒకటే నేర్చుకున్నాను. ఆఫీసును కాదంటే వినదు. ఔనని ఇంకొంచెం ముందుకు పోవాలి.

"మీరు చేసింది న్యాయమే సార్. ఒక చిన్న అనుమానం. గొట్టం తప్ప తక్కినవన్నీ ఈ ఏడు పుట్టినవి. మైనర్లతో వేరు కాపురం పెట్టించొచ్చా?"

ఆయన కుర్చీలోంచి లేచారు. "మైనర్లా?"

"ఏడాది వారంటీ గూడా నిండలేదు సార్." కాగితాలు బల్ల మీద పెట్టాను.

పరాంకుశం గారు కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. మైనర్లకు అన్యాయం చేసిన ఉత్తర్వు ఎంత దూరం పోతుందో, ఎవరి పింఛను దాకా పోతుందో ఆయనకు తెలుసు. "ఇంత చిన్నవారని విచారణలో ఎవరూ చెప్పలేదే! చూడ్డానికి గట్టిగా ఉన్నారు!" అంటూ టైపిస్టును పిలిచారు. సవరణ ఉత్తర్వు అప్పటికప్పుడు పుట్టింది.

"మైనర్లగు బోల్టు, ట్రిగ్గరు, బట్టు, సైట్లు తమ సంరక్షకుని ఇంట నివసించుటకును, అవసరమును బట్టి లోనికి ప్రవేశించుటకును అభ్యంతరము లేదు. సంరక్షకుడు: గొట్టము."

"సంరక్షకుణ్ణి నేను కదా సార్?"

"నీవెవరవయ్యా? భాగస్తుల్లో నీ పేరే లేదు. నీకిందులో భాగమే లేదు." ఆయన నన్ను చూసి జాలిపడ్డారు. "సరే. పోటీలంటున్నావు. చిన్నపిల్లలతో దూర ప్రయాణం. 'వెంట ఒక సహాయకుడు ఉండవచ్చును' అని కొట్టవయ్యా."

ఆ రాత్రే బిగించాను. ఉత్తర్వు ప్రకారం బోల్టు లోనికి ప్రవేశించింది. చెంప దిమ్మ మీద ఆనింది. మెడ నిటారుగా ఉంది. ఓబుళేశు చెప్పినదాంట్లో సగం నిజమే. ఏ సగమో కొనకముందు తెలియదు, అంతే తేడా.

పోటీల మైదానంలో ఆయుధాల తనిఖీ బల్ల ఉంటుంది. అక్కడి అధికారి మెడలో విజిల్ వేసుకుని, బట్టు పొడవు కొలిచి, ట్రిగ్గరుకు తూకపు రాయి వేలాడదీసి చూసి, తృప్తిపడి, నా కాగితాలు అడిగాడు. సవరణ ఉత్తర్వు ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. రాజముద్ర ఉంది. సంతకం ఉంది.

"ఇందులో పెద్ద మనిషి గొట్టం గారు. పోటీదారు వారేనా?"

"గుండు దాంట్లోంచే వస్తుంది సార్."

"మరి కుళ్ళాయప్ప?"

"సహాయకుడు."

"వయసు?"

"నాదా?"

"మీది దేనికండీ? పోటీదారుది."

"ముప్పై."

"అయితే వెటరన్స్ కాదు. జనరల్లో పడుకోమనండి."

కుర్రాళ్ళ మధ్య పడుకున్నాను. యాభై మీటర్ల అవతల కాగితం మీద నల్లని చుక్క. కొత్త సైటు చక్రంలో అది చక్రంలోపల చక్రంలా కూర్చుంది. ఊపిరి సగం వదిలాను. ట్రిగ్గరు మెత్తగా కదిలింది. గుండు తన దారిన పోయింది. గుండు వెంట గుండు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఆ కాసేపటి కోసం ఇంకోసారి ఆ నోటీసులన్నీ గోడకు అతికించమన్నా అతికించుకుంటాను.

మైకులో ఫలితాలు చదివారు. "జనరల్ విభాగం, మూడవ స్థానం, శ్రీ గొట్టం గారు!"

చప్పట్లు కొట్టారు. పతకం ఎవరి మెడలో వెయ్యాలన్న దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. నిబంధనల పుస్తకం తెప్పించారు. పతకాన్ని పోటీదారు మెడలోనే వెయ్యాలని ఉంది. గొట్టానికి వేసి ఫోటో తీశారు. సహాయకుణ్ణి కాస్త పక్కకు జరగమన్నారు.

చివరి స్థానం ఓబుళేశుది. అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, ఆ గొట్టం యాడ దొరుకుతాది?"

"పాతదేనప్పా."

"పాతవా ఇప్పుడు గెలుస్తాండేవి? ముందే చెప్పకపోతివి కదన్నా, నాది పారేసినానే!"

వారం తిరక్కముందే క్లబ్బులో అందరూ పాత గొట్టాల కోసం వెతుకులాట మొదలుపెట్టారు. తుప్పు ఎంత ఎక్కువుంటే అంత గిరాకీ.

లైసెన్సు రెన్యువల్ కోసం కలెక్టరేటుకు పోయాను. ఆయుధాల సెక్షను గుమాస్తా ఫలితాల పట్టీ మీద వేలు పెట్టి కిందిదాకా వచ్చాడు.

"గొట్టము పాల్గొన్నది. మూడవ స్థానము. శుభము. కుళ్ళాయప్ప పాల్గొన్నట్టు లేదే."

"నేనే కదా పడుకున్నది!"

"పడుకోవడం వేరు, పాల్గొనడం వేరు. మీ లైసెన్సు రద్దయినట్టే."

"అయితే రైఫిలును స్టేషనులో పెట్టేయాలా?"

గుమాస్తా నన్ను కోపంగా చూశాడు. "రాష్ట్రస్థాయి క్రీడాకారుణ్ణి స్టేషనులో పెట్టడమేమిటండీ? జిల్లాకు పతకం తెచ్చినవాడు. వారి పేరు మీద లైసెన్సు ఇవ్వమని పైనుంచే చెప్పారు." కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. బయటికొచ్చి చదివాను.

"లైసెన్సుదారు: గొట్టము. ఉంచుకొనుటకు అనుమతించబడినది: కుళ్ళాయప్ప. రకము: పాతది. గుర్తు: పొడుగు మెడ."

రైఫిలు ఇంట్లోనే ఉంది. నాకు అది చాలు. రోజూ పొద్దున క్లబ్బుకు పోయి పడుకుంటున్నాను. సుంకమ్మ మాత్రం నేను వెళ్ళేటప్పుడు ఎవరు ఎవరిని తీసుకుపోతున్నారని అడుగుతుంది.

మొన్న ఎన్నికల ప్రకటన వచ్చింది. శాంతిభద్రతల దృష్ట్యా లైసెన్సు మీద ఉంచుకున్నవన్నీ స్టేషనులో డిపాజిట్ చెయ్యాలి. పోయి డిపాజిట్ అయ్యాను. రైటరు నన్ను ముందు నుంచీ వెనక నుంచీ చూశాడు. తుప్పు లేదని రాసుకున్నాడు. మెడకు చీటీ కట్టి, నాటు తుపాకుల పక్కన బెంచీ చూపించాడు.

"ఫలితాలు వచ్చినాక యజమాని సొంతంగా వచ్చి, సంతకం పెట్టి విడిపిచ్చుకుపోవాల," అన్నాడు.

ఆ కబురు గొట్టానికి ఎవరు చెబుతారో ఆయన చెప్పలేదు.